పాత హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు: ముందు చేయవలసింది ఏది?



కంప్యూటర్ వాడేవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్యను ఈ పాఠంలో తీసుకుందాం. ఒక ఫైలును కాపీ చేస్తుంటాం. సగం వరకు చకచకా వెళ్లి అక్కడ ఆగిపోతుంది. కంప్యూటర్ కాసేపు కదలదు, మెదలదు. తర్వాత ఫైలును చదవలేకపోయానని తెర మీద ఒక సందేశం వస్తుంది. నాలుగైదేళ్లు వాడిన డిస్క్ అయితే పక్కనున్నవాళ్లు వెంటనే చెప్పేస్తారు: "బ్యాడ్ సెక్టార్లు వచ్చాయి, రిపేర్ ప్రోగ్రామ్ నడిపించు" అని.

ఈ సలహాలో మొదటి సగం చాలాసార్లు నిజమే. రెండో సగమే ప్రమాదం. డిస్క్‌ను బాగుచేయడం ఒక పని, అందులోని సమాచారాన్ని కాపాడుకోవడం మరొక పని. ఈ రెండింటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పితే, కాపాడుకోగలిగిన ప్రాజెక్టు రిపోర్టు గానీ ఇంటి ఫొటోలు గానీ చేజారిపోవచ్చు. ఆ వరుస ఎందుకు అలా ఉండాలో తెలియాలంటే డిస్క్ లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

డిస్క్ లోపల

మొదటి హార్డ్ డిస్క్‌ను 1956లో ఐబీఎం కంపెనీ విడుదల చేసింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలను ఒకే ఇరుసుకు బిగించినా, అందులో పట్టింది సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాడు అరచేతిలో ఇమిడే డిస్క్‌లో దానికి లక్షల రెట్ల సమాచారం పడుతుంది. అయితే సూత్రం మారలేదు. అయస్కాంత పూత ఉన్న పళ్లెం తిరుగుతుంటుంది. దాని మీదుగా హెడ్ అనే చిన్న భాగం కదులుతూ రాస్తుంది, చదువుతుంది.

మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌లలో చాలావాటి వేగం నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు. మూడున్నర అంగుళాల డిస్క్‌లో పళ్లెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు. లెక్క వేసి చూస్తే పళ్లెం అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోందని తేలుతుంది. ఆ వేగంలో హెడ్ పళ్లేన్ని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుంది. ఆ సందులో ఒక ధూళి కణం చిక్కుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. అందుకే డిస్క్ మూతను ఇంట్లో గానీ కాలేజీ ల్యాబ్‌లో గానీ తెరవకూడదు.

పళ్లెం మీద వృత్తాలుగా ఉండే దారులను ట్రాకులు అంటారు. ప్రతి ట్రాకును చిన్న చిన్న ముక్కలుగా విభజిస్తారు. ఆ ముక్కే సెక్టార్. చాలా కాలం ఒక్కో సెక్టార్‌లో 512 బైట్లు ఉండేవి. 2010 ప్రాంతం నుంచి 4096 బైట్ల సెక్టార్లు వాడుకలోకి వచ్చాయి. డిస్క్ ఎంత చిన్న సమాచారం చదవాలన్నా కనీసం ఒక పూర్తి సెక్టార్‌ను చదవవలసిందే. సెక్టార్‌లో ఒక మూల చెడినా దాన్నంతటినీ చదవలేకపోవడానికి కారణం ఇదే.

తప్పులను సరిదిద్దే లెక్క

సెక్టార్‌లో మన సమాచారంతో పాటు దాన్ని సరిచూసుకోవడానికి మరికొన్ని బైట్లు కూడా రాస్తారు. వాటిని తప్పు దిద్దే సంకేతం అనవచ్చు. ఇది ఎలా పనిచేస్తుందో కిరాణా కొట్టు చీటీతో చూద్దాం.

చీటీలో అయిదు ధరలున్నాయి: 12, 30, 8, 25, 15. కింద మొత్తం 90 అని రాసి ఉంది. నీటి చుక్క పడి 25 చెరిగిపోయిందనుకోండి. మిగిలిన నాలుగు కలిపితే 65. 90లో నుంచి 65 తీసేస్తే 25 వస్తుంది. చెరిగిన అంకె తిరిగి దొరికింది. రెండు అంకెలు చెరిగిపోతే మాత్రం ఈ ఒక్క మొత్తంతో వాటిని కనుక్కోలేం.

డిస్క్‌లోని సంకేతం ఇంతకంటే ఎంతో శక్తిమంతమైనది. ఎక్కడ తప్పు జరిగిందో కూడా అదే పసిగడుతుంది, ఒకేసారి అనేక బైట్లను సరిచేస్తుంది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ప్రచురించిన పద్ధతి డిస్క్‌లలో చాలా ఏళ్లు వాడారు. కొత్త డిస్క్ కూడా ఇలా నిత్యం చిన్న చిన్న తప్పులను దిద్దుకుంటూనే పనిచేస్తుంది. మనకది తెలియదు.

అయితే ప్రతి సంకేతానికీ ఒక హద్దుంటుంది. తప్పులు ఆ హద్దును దాటితే డిస్క్ అదే చోటును మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది. హెడ్‌ను అటూ ఇటూ కాస్త జరిపి కూడా ప్రయత్నిస్తుంది. కంప్యూటర్ కదలకుండా నిలిచిపోయే ఆ కొద్ది సెకన్లలో జరిగేది ఇదే. అప్పటికీ కుదరకపోతే చదవలేనని చెప్పేస్తుంది. అలా తేలిన సెక్టారే బ్యాడ్ సెక్టార్.

రెండు రకాల చెడు

బ్యాడ్ సెక్టార్లన్నీ ఒకటి కావు. మొదటి రకంలో పళ్లేనికి ఏ దెబ్బా తగలదు, దాని మీద రాసింది మాత్రమే పాడవుతుంది. ఉదాహరణకు, డిస్క్ ఒక సెక్టార్ రాస్తుండగా కరెంటు పోయిందనుకోండి. కొంత కొత్త సమాచారం, కొంత పాతది కలిసిపోతాయి. చివర ఉన్న సంకేతం దేనికీ సరిపోదు. పలక పగలలేదు, దాని మీద రాత మాత్రమే చెరిగింది. అక్కడ మళ్లీ రాస్తే సెక్టార్ మామూలుగా పనిచేస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో యూపీఎస్ అవసరం కావడానికి ఇదొక కారణం.

రెండో రకంలో పలకకే దెబ్బ తగులుతుంది. పూత మీద గీత పడుతుంది, లేదా డిస్క్ తిరుగుతుండగా కిందపడి హెడ్ పళ్లేన్ని తాకుతుంది, లేదా హెడ్ బలహీనపడుతుంది. ఇవి మళ్లీ రాసినంత మాత్రాన బాగుపడవు. పైగా గీత నుంచి రాలిన పొడి లోపలే తిరుగుతూ కొత్త గీతలు వేయవచ్చు. అందుకే ఈ రకం చెడు పెరుగుతూ పోతుంది.

బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. వాటి మధ్య తేడా పట్టుకోవడమే మన అసలు పని.

డిస్క్ దాచుకున్న అదనపు చోటు

ఏ లోపమూ లేని పళ్లేన్ని తయారుచేయడం ఆచరణలో సాధ్యం కాదు. పాత రోజుల్లో డిస్క్ పైన అతికించిన కాగితం మీద చెడిన చోట్ల పట్టిక ఉండేది. వాడేవారే దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించవలసి వచ్చేది. ఆ తర్వాతి డిస్క్‌లు ఈ పనిని తామే చేసుకోవడం నేర్చాయి. ఫ్యాక్టరీలో కనబడిన లోపాల పట్టిక ఒకటి, వాడుకలో బయటపడిన లోపాల పట్టిక మరొకటి డిస్క్‌లోనే ఉంటాయి. కొన్ని సెక్టార్లను అదనంగా పక్కన పెట్టుకుని, ఒక సెక్టార్ చెడితే దాని బదులు అదనపు సెక్టార్‌ను వాడుతుంది. కంప్యూటర్‌కు చిరునామా మారినట్టు తెలియదు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయవచ్చు. డిస్క్‌కు ఇంత తెలివి ఉన్నప్పుడు, బ్యాడ్ సెక్టార్ కనబడగానే తనే మార్చుకోవచ్చు కదా? మనకు చదవలేనని సందేశం ఎందుకు ఇస్తుంది?

మంచి ప్రశ్న. సెక్టార్‌ను మార్చాలంటే అందులోని సమాచారాన్ని కొత్త చోట రాయాలి. ఆ సమాచారమే చదవడానికి రాకపోతే ఏమని రాస్తుంది? ఖాళీ సెక్టార్‌ను చూపించి ఇదే మీ ఫైలు అంటే అది అబద్ధం అవుతుంది. అందుకే డిస్క్ ఆ సెక్టార్‌ను అనుమానితుల జాబితాలో పెట్టి ఊరుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా చదవగలిగితే సరే. లేదా కంప్యూటర్ ఆ చోట కొత్త సమాచారం రాయమన్నప్పుడు పాతదాని అవసరం తీరిపోయినట్టే కాబట్టి, అప్పుడు రాసి పరీక్షిస్తుంది. రాత నిలిచిందా, అనుమానం తీరిపోతుంది. నిలవలేదా, అదనపు సెక్టార్‌కు మారుస్తుంది.

అంటే బ్యాడ్ సెక్టార్‌ను బాగుచేయడం అంటే చాలాసార్లు దాని మీద కొత్తగా రాయడమే. ఆ క్షణంలో అక్కడున్న పాత సమాచారం శాశ్వతంగా పోతుంది. రిపేర్ కంటే ముందు కాపీ అని చెప్పడానికి మూలం ఇదే.

డిస్క్ చెప్పే అంకెలు

డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే పద్ధతిని స్మార్ట్ అంటారు. ఇది 1990ల నుంచి ఉంది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత ప్రోగ్రాములతో ఆ అంకెలను చూడవచ్చు. వాటిలో నాలుగు వరుసలను గుర్తుపెట్టుకోండి.

5వ వరుస: ఇప్పటికే అదనపు చోటుకు మార్చిన సెక్టార్ల సంఖ్య.
197వ వరుస: అనుమానితుల జాబితాలో ఉన్నవాటి సంఖ్య.
198వ వరుస: డిస్క్ తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవాటి సంఖ్య.
199వ వరుస: సమాచారం కేబుల్ గుండా వచ్చేటప్పుడు జరిగిన తప్పుల సంఖ్య.

చివరిది పెరుగుతూ, మిగిలిన మూడూ సున్నా దగ్గరే ఉంటే అనుమానం మొదట డిస్క్ మీద కాదు, కేబుల్ మీద పడాలి. వేరే కేబుల్ బిగించి చూడండి. అయితే 199వ వరుసలోని పాత లెక్క తగ్గదు. ఇకపై పెరగకుండా ఉంటే చాలు.

197లో 3 ఉండి, కాపీ తీసుకున్నాక డిస్క్ మొత్తం మీద సున్నాలు రాస్తే అది 0 అయింది, 5వ వరుస కూడా పెరగలేదు అనుకోండి. అవి మొదటి రకం, అంటే రాత చెరిగినవి. అలా కాక 5వ వరుస ఈ వారం 8, వచ్చే వారం 40, ఆ పై వారం 200 అయితే పలకే చెడిపోతోందని అర్థం. ఒక రోజు అంకె కంటే అది పెరిగే తీరే ఎక్కువ చెబుతుంది. కాబట్టి తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

ఈ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? 2007లో గూగుల్ సంస్థకు చెందిన పిన్‌హీరో, వెబర్, బరోసో అనే పరిశోధకులు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించిన ఫలితాలను ప్రచురించారు. ఉపరితల పరీక్షలో మొదటి తప్పు కనబడిన డిస్క్‌లు, ఆ తర్వాత 60 రోజుల్లో విఫలమయ్యే అవకాశం తప్పులు లేనివాటి కంటే 39 రెట్లు ఎక్కువ అని వారు గమనించారు. అదే పరిశీలనలో మరో విషయం కూడా తేలింది. విఫలమైన డిస్క్‌లలో సగానికి పైగా, వారు బలమైనవిగా ఎంచిన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వలేదు. కాబట్టి స్మార్ట్ హెచ్చరిస్తే తప్పక వినండి. హెచ్చరించలేదు కదా అని నిశ్చింతగా మాత్రం ఉండకండి.

వరుస క్రమం

ఇప్పుడు ఆచరణకు వద్దాం.

మొదటిది, రాయడం ఆపండి. ఆ డిస్క్‌లోకి కొత్త ఫైళ్లు, కొత్త ప్రోగ్రాములు ఎక్కించవద్దు. డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తున్నా, కంప్యూటర్ దాన్ని గుర్తించకపోయినా వెంటనే కరెంటు తీసేయండి. అందులో విలువైన సమాచారం ఉంటే ఇక ఆ పని శుభ్రమైన గది, తగిన పరికరాలు ఉన్న నిపుణులది.

రెండవది, డిస్క్ మామూలుగా తిరుగుతుంటే, మళ్లీ సంపాదించలేని ఫైళ్లను ముందుగా మరో డిస్క్‌కు కాపీ చేయండి. సినిమాలు, ప్రోగ్రాములు మళ్లీ దొరుకుతాయి. మీ రాత, మీ లెక్కలు, మీ ఇంటి ఫొటోలు దొరకవు.

మూడవది, కాపీ మధ్యలో ఆగిపోతుంటే డిస్క్ మొత్తానికి సెక్టార్ల వారీగా నకలు తీయాలి. దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాని తెలివి ఎక్కడుందో చూడండి. 500 గిగాబైట్ల డిస్క్‌ను సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివితే 5000 సెకన్లు, అంటే గంటా 23 నిమిషాలు పడుతుంది. అందులో 1000 బ్యాడ్ సెక్టార్లు ఉండి, ఒక్కోదానికి 7 సెకన్లు పెనుగులాడితే అదనంగా 7000 సెకన్లు. ఆ పెనుగులాటలోనే బలహీనమైన హెడ్ పూర్తిగా చెడిపోవచ్చు. అందుకే ఈ ప్రోగ్రామ్ కష్టమైన చోట్లను దాటేసి, సులువుగా వచ్చేదంతా మొదట తెచ్చుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలిందో ఒక ఫైలులో రాసుకుంటుంది. ఆ తర్వాతే మిగిలినవాటి దగ్గరకు తిరిగి వెళుతుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలన్నీ ముందు రాసి, కష్టమైనవి చివరకు ఉంచుకునే విద్యార్థి పద్ధతి ఇది. ఒక్క జాగ్రత్త: ఏది పాత డిస్క్, ఏది కొత్తది అని రెండుసార్లు సరిచూసుకోండి. అవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ సమాచారం మీద పడుతుంది.

నాలుగవది, చెక్‌డిస్క్ వంటి రిపేర్ ప్రోగ్రామ్‌ను ఆ నకలు మీదే నడపండి. ఫైళ్ల పట్టికలో తేడాలుంటే ఈ ప్రోగ్రామ్ దాన్ని మార్చేస్తుంది. చెడిన చోట్లను ఇకపై వాడకుండా గుర్తు పెడుతుంది. పోయిన సమాచారాన్ని మాత్రం అది తెచ్చి ఇవ్వలేదు. నకలు మీద నడిపితే ఏదైనా తేడా వచ్చినా మరో నకలు తీసుకోవచ్చు. అసలు డిస్క్ మీద నడిపితే ఆ అవకాశం లేదు.

ఎంత నష్టమన్నది ఫైలును బట్టి ఉంటుంది. యూనికోడ్‌లో యూటీఎఫ్-8 పద్ధతిన రాసిన తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. కాబట్టి 4096 బైట్ల సెక్టార్ ఒకటి పోతే సుమారు 1365 సంకేతాలు, అంటే దాదాపు ఒక పేజీ పోతుంది. మిగిలిన వ్యాసం చదువుకోవచ్చు. అదే జిప్ ఫైలు అయితే ఆ ఒక్క సెక్టార్ వల్ల లోపలి ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఫొటో అయితే చెడిన చోటు నుంచి కింది భాగమంతా రంగులు చెదిరిపోవచ్చు.

కొన్ని అపోహలు

మామూలు ఫార్మాట్‌తో బ్యాడ్ సెక్టార్లు పోతాయని కొందరంటారు. త్వరగా అయ్యే ఫార్మాట్ పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది, సెక్టార్ల జోలికి వెళ్లదు. లో-లెవెల్ ఫార్మాట్ చేయాలని మరికొందరు చెబుతారు. 1980ల నాటి డిస్క్‌లకు అది నిజంగా ఉండేది. ఈనాటి డిస్క్‌లలో ట్రాకులు గీసే పని ఫ్యాక్టరీలోనే ముగుస్తుంది. ఆ పేరుతో దొరికే ప్రోగ్రాములు చాలావరకు సున్నాలు రాసేవే. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలనే సలహాను మాత్రం అసలు పాటించకండి. బయటికి తీయగానే లోపల తేమ చేరితే ఉన్నదీ పోతుంది.

ఆ తర్వాత పాత డిస్క్ సంగతి

సున్నాలు రాసిన తర్వాత అంకెలు నెల రోజుల పాటు నిలకడగా ఉంటే, ఆ డిస్క్‌ను మళ్లీ దొరికే వస్తువులకు, అంటే సినిమాలకో ప్రోగ్రాములకో వాడుకోవచ్చు. అంకెలు పెరుగుతుంటే దాని పని అయిపోయినట్టే.

ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వరకు మన దేశంలో పాత కంప్యూటర్ భాగాలు చేతులు మారుతూనే ఉంటాయి. తక్కువ ధరకు డిస్క్ కొనే విద్యార్థి దాని మీద తన చదువును పెట్టుకుంటాడు. బ్యాడ్ సెక్టార్లు ఉన్న డిస్క్‌ను ఆ సంగతి చెప్పకుండా అమ్మడం అన్యాయం. కొనేవారు కూడా స్మార్ట్ అంకెలు చూపించమని అడగాలి. అమ్మేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అదనపు చోటుకు మార్చిన పాత సెక్టార్‌లో మన సమాచారపు ముక్క మిగిలిపోవచ్చు. పైన సున్నాలు రాసినా అవి అక్కడికి చేరవు. రహస్య సమాచారం ఉన్న డిస్క్‌ను అమ్మకపోవడమే మంచిది. పనికిరాని డిస్క్‌ను చెత్తలో వేయకుండా అధికారిక ఇ-వ్యర్థాల సేకరణకు ఇవ్వండి. దీనికి సంబంధించిన 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

అసలైన మందు

మామూలు డిస్క్‌లు తయారుచేసే కంపెనీలు తమ పత్రాల్లో ఒక హద్దు రాస్తుంటాయి: కోటి కోట్ల బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటికి మించదు అని. కోటి కోట్ల బిట్లంటే 12.5 టెరాబైట్లు. అంటే 4 టెరాబైట్ల డిస్క్‌ను మొదటి నుంచి చివరి వరకు సుమారు మూడుసార్లు చదవడం. ఇది గరిష్ఠ హద్దు, ప్రతి డిస్క్‌కూ జరిగి తీరుతుందని కాదు. అయినా తయారుచేసినవారే సున్నా అని రాయలేదన్నది మనం గమనించాలి. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీలు, పెన్‌డ్రైవ్‌లు కూడా ఇందుకు మినహాయింపు కాదు. వాటిలోనూ రాసిన కొద్దీ అరిగే చిప్‌లు, చెడే బ్లాకులు ఉంటాయి. పైగా కొన్నిసార్లు ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి.

కాబట్టి అసలైన మందు బ్యాకప్. దానికి మూడు, రెండు, ఒకటి అనే సులువైన సూత్రం ఉంది. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి. అందులో ఒకటి వేరే చోట ఉండాలి. ఇంట్లో కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్ నిల్వలోనో బంధువుల ఇంట్లోనో మరొకటి ఉంటే చాలు. నెలకొకసారి ఆ ప్రతులను తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం.

విద్యార్థులారా, ఈ పాఠంలో ఒక్క మాట గుర్తుంచుకోండి: ముందు కాపీ, తర్వాత పరీక్ష, ఆఖరున రిపేర్. డిస్క్ డబ్బు పెడితే మళ్లీ వస్తుంది. అందులోని మీ శ్రమ అలా రాదు.

ఆలోచించండి

1. చదవలేని సెక్టార్‌ను డిస్క్ వెంటనే ఎందుకు మార్చుకోదు?
2. 5వ వరుసలో 12 ఉండి ఏడాదిగా కదలని డిస్క్ ఒకటి, వారంలో 0 నుంచి 12కు చేరిన డిస్క్ ఒకటి ఉన్నాయి. దేనిని ముందుగా మారుస్తారు? ఎందుకు?
3. కిరాణా చీటీలో ఏ అంకె తప్పో కూడా తెలియకపోతే, ఒక్క మొత్తంతో దాన్ని సరిచేయగలమా? ఇంకా ఏ లెక్క రాసి ఉంటే సరిచేయగలం?
4. మీ దగ్గరున్న ఫైళ్లలో మళ్లీ సంపాదించలేనివి ఏవో ఒక జాబితా రాయండి. ప్రతిదానికీ ఎన్ని ప్రతులున్నాయో పక్కన వేయండి.